నీరే దారియైన సీమ

దేశదేశముల వార్తలు చదువు మావంటి వారికి ఊళ్ల పేర్లు సరిగా పలుకుట నిత్యము ఎదురగు చిన్న పరీక్ష. నార్వే దేశపు పటము ముందు పరచుకొని కూర్చున్నప్పుడు ఆ పరీక్ష మరికొంత కఠినమగును. ఆ దేశపు పడమటి తీరమున సోంగ్నె ఫియోర్డు అను జలభాగ మొకటి కలదు. వ్రాతలో గకారము ముందును, నకారము వెనుకను కనిపించును గాని పలుకుబడిలో ఆ రెండును కలిసి ముక్కుతో పలుకబడును. పేరు పలుకుట నేర్చిన పిమ్మట ఆ సీమను గూర్చి తెలిసికొనవలెనను కోరిక మాకు కలిగినది. తెలిసికొన్నకొలది, అది కన్నులకు పండువు చేయు చోటు మాత్రమే కాదనియు, మనుష్యులకు దగ్గర యేది, దూరమేది యను ప్రశ్నకు అక్కడి వేయేండ్ల చరిత్ర ఒక సమాధానమనియు మాకు తోచినది.

ఫియోర్డు అనగా సముద్రపు పాయ. సముద్రము కొండల నడుమకు చొచ్చుకొని వచ్చి, ఇరుకైన లోయలను నింపి నిలిచిన చోటు. నార్వే తీరమున ఇట్టివి అనేకములు కలవు. వానిలో సోంగ్నె ఫియోర్డు అన్నింటికంటె పొడవైనది, అన్నింటికంటె లోతైనది. తీరమునుండి తూర్పుగా 200 కిలోమీటర్లకు పైగా అది దేశము లోపలికి పోవును. దాని వెడల్పు మాత్రము చాల భాగమున నాలుగైదు కిలోమీటర్లే. మిక్కిలి లోతైన చోట నీరు సుమారు 1300 మీటర్లు. ఇరుప్రక్కల కొండలు నీటి అంచుననే నిట్టనిలువుగా లేచి, వేయి మీటర్లను దాటి పోవును. నీటి మీద ఓడలో నిలిచి తల యెత్తి చూచువానికి కనబడునది ఆ పల్లములో సగమే. తక్కిన సగము కాళ్ల క్రింద చీకటిలో నున్నది.

ఇంత లోతైన పల్లమును త్రవ్వినదెవరు? మన పాపికొండల నడుమ గోదావరి పోవు త్రోవను చూచిన శ్రోతలు నది చేసెననియే చెప్పుదురు. సోంగ్న సీమలోను మొదట నదులే లోయలను కోసినవి. అటుపిమ్మట మంచు వచ్చినది. లక్షల యేండ్ల కాలములో మంచుయుగములు పలుమారులు వచ్చి పోయినవి. మిక్కిలి దళసరి గల మంచు తన బరువుతో లోయవెంట మెల్లగా జారుచు, తన అడుగున చిక్కిన రాళ్లతో నేలను ఆకురాయితో రాచినట్లు రాచినది. అందువలన లోయ అడుగు వెడల్పైనది, ప్రక్కలు నిలువైనవి. విచిత్రమేమనగా, కొండల నడుమ ఇరుకున పడిన చోట మంచు ఎక్కువ లోతుగా త్రవ్వినది. సముద్రము దగ్గరకు వచ్చి నలుదిక్కుల పరచుకొన్న చోట దాని బలము తగ్గినది. కావున ఫియోర్డు లోపల 1300 మీటర్ల లోతుండగా, ముఖద్వారము దగ్గర నీటి అడుగున ఒక గడప వలె రాతినేల పైకి లేచి, లోతు 200 మీటర్లకు లోపుగనే యున్నది. సుమారు పదివేల యేండ్ల క్రిందట మంచు కరగి వెనుకకు పోగా, ఈ గడప దాటి సముద్రము లోపలికి ప్రవేశించినది.

మంచు పోవుచు మరియొక మేలు చేసి పోయినది. తాను నూరిన రాతిపొడిని, ఇసుకను, మట్టిని వాగుల నోళ్లయందు విడిచినది. మంచుబరువు తొలగగా నేల మెల్లగా పైకి లేచినది. నీటి అడుగున పేరుకొన్న మట్టి కొన్నిచోట్ల మెట్లు మెట్లుగా బయటపడినది. ఈ మట్టితిన్నెలే ఆ సీమలో సాగునకు పనికివచ్చు నేల. మిగిలినదంతయు రాయి, నీరు, ఆకాశము. సోంగ్న రైతు చరిత్రయంతయు ఈ జానెడు నేలను పట్టుకొని నిలుచుట యందే యున్నది.

ఫియోర్డు ముఖద్వారమునుండి లోపలికి పోవు వానికి ఒకే ప్రయాణములో రెండు దేశములు చూచినట్లుండును. సముద్రపు ప్రక్కన చెట్లు లేని రాతిద్వీపములు, ఎడతెగని వాన. గూలెన్ ప్రాంతమున కొన్నిచోట్ల యేడాదికి 3000 మిల్లీమీటర్లకు పైగా వర్షము కురియును. మేఘములు కొండలకు కొట్టుకొని అక్కడనే బరువు దించుకొనును. లోపలి కొసన నున్న లేర్దాల్ లోయకు చేరునప్పటికి ఆ మేఘములలో నీరు మిగులదు. యేడాదికి వచ్చు వాన 500 మిల్లీమీటర్ల ప్రాంతము మాత్రమే. వానదేశమని పేరుపడిన నార్వేలో ఈ లోయ రైతులు పూర్వకాలమునుండియు కొండవాగులకు కాలువలు తీసి, కొయ్యదోనెల ద్వారా నీరు తెచ్చి పొలములు తడుపుకొనిరన్న మాట మన శ్రోతలకు వింతగా నుండును, దగ్గరిదిగాను ఉండును. నడిమి భాగమున లైకాంగెర్ మొదలగు ఊళ్లలో కొండలు ఉత్తరపు గాలిని అడ్డుకొనును. సముద్రజలము చలికాలమున కొంత వెచ్చదనమునిచ్చును. అందువలన 61వ అక్షాంశమున ఆపిలు, ప్లమ్, చెర్రీ తోటలు పూయుచున్నవి. మే నెలలో తోట తెల్లగా పూచియుండును. దాని వెనుక కొండనెత్తిన మంచు తెల్లగానే యుండును.

ఇట్టి సీమలో ఒక ఊరినుండి మరియొక ఊరికి నేలమీద పోవుట పూర్వము దాదాపు అసాధ్యముగా నుండెడిది. కొండ నేరుగా నీటిలోనికి దిగును. ఒడ్డున కాలిబాటకైనను చోటు లేదు. పటము చూచువారు ఈ నీరు జనులను విడదీసినదని తలంతురు. జరిగినది దీనికి విరుద్ధము. అక్కడ అడ్డము కొండ, దారి నీరు. ప్రతి యింటికిని పడవ యుండెడిది. ఎదుటి ఒడ్డువాడే పొరుగువాడు. కొండకు ఆవలి వాడు పరదేశి.

ఈ నీటిబాటయే అక్కడి వారికి ధర్మసభను ఇచ్చినది. ఫియోర్డు ముఖద్వారమునకు దక్షిణమున గూలెన్ అను చోట, క్రీస్తుశకము 900 ప్రాంతమునుండి పడమటి నార్వే జనులు యేటేట ఒక సభ తీర్చెడివారు. దానికి గులతింగ్ అని పేరు. పడవలకు అనుకూలమగుటచే ఉత్తరమునుండి, దక్షిణమునుండి, ఫియోర్డు లోపలినుండి అందరును అక్కడకు చేరగలిగిరి. ఐస్లాండు దేశపు ఎగిల్ గాథ ఆ సభను వర్ణించినది. చదునైన నేలపై హేజెల్ కొయ్యలు వలయముగా పాతి, వానికి తాళ్లు కట్టెదరట. ఆ తాటి లోపల మూడు మండలములనుండి పండ్రెండుగురు చొప్పున ముప్పదియార్గురు న్యాయనిర్ణేతలు కూర్చుందురు. రాతికోట లేదు, సింహాసనము లేదు. తాడే ధర్మమునకు సరిహద్దు. ఆ సభలో నోటివెంట నిలిచిన శాసనములు తరువాత వ్రాతకెక్కినవి. 1274లో మాగ్నుస్ రాజు దేశమంతటికి ఒకే ధర్మశాసనము చేయించినప్పుడు దానికి ఆధారమైన వానిలో ఇదియు నొకటి.

అదే నీటిబాట యుద్ధమును కూడ తెచ్చినది. పండ్రెండవ శతాబ్దమున నార్వే సింహాసనమునకై మాగ్నుస్ ఎర్లింగ్సన్, స్వెర్రె అను ఇరువురు రాజులు పోరాడిరి. సోంగ్న సీమవారు మాగ్నుస్ పక్షము. స్వెర్రె పంపిన అధికారిని వారు చంపిరి. ఆ పగ తీర్చుకొనుటకు స్వెర్రె నౌకలతో ఫియోర్డు లోపలికి వచ్చి సోంగ్దాల్ ఊరిని తగులబెట్టెను. అతడు లోపల నుండగా మాగ్నుస్ తనకంటె ఎక్కువ నౌకలతో వెనుకనుండి వచ్చి దారి మూసెను. 1184 జూన్ 15వ తేదీన ఫిమ్రైతె దగ్గర, కొండల నడుమ ఇరుకు నీటిలో, ఇరువురును తలపడిరి. స్వెర్రె తన నౌకాబలమును శత్రువుల వరుస కొసమీదికి నడిపెను. ఓడిన నౌకలలోని వారు పక్క నౌకలలోనికి దుమికిరి. ఆ బరువునకు అవియు మునిగినవి. మాగ్నుస్ రాజును, రెండువేల మంది ప్రాంతపు అతని వారును ఆ చల్లని నీటిలో పోయిరి. నార్వే రాచరికపు దిశ ఆ యొక్క సాయంకాలముతో మారినది.

రాజుల గొడవకంటె ఎక్కువ కాలము నిలిచినది ఆ సీమ వడ్రంగుల చేతిపని. మధ్యయుగమున నార్వేలో నిలువు కంబముల చర్చులు వేయికి మించి యుండెనని చెప్పుదురు; నేడు మిగిలినవి 28. వానిలో అయిదు, ఉర్నెస్, బోర్గుండ్, హోపర్స్తాద్, కౌపాంగర్, ఉన్‌ద్రెదాల్, ఈ సోంగ్న సీమలోనివే. కంబములను నేలలో పాతిన చెమ్మకు కుళ్లునని గ్రహించి, రాతిమీద దూలములు పరచి, ఆ దూలములపై కంబములు నిలిపిరి. కొయ్యకు తారు పూసిరి. ఈ చిన్న మెలకువయే వానిని ఎనిమిది తొమ్మిది శతాబ్దములు కాపాడినది. ఉర్నెస్ చర్చి 1130 ప్రాంతమున కట్టినది. దాని ఉత్తరపు గోడలో అంతకు పూర్వపు చర్చి ద్వారమును తెచ్చి అమర్చిరి. ఆ ద్వారముపై సన్నని మృగ మొకటి, సర్పములు, లతలు ఒకదానినొకటి పెనవేసికొని యున్నవి. ఆ చెక్కడపు రీతికి కళాచరిత్రకారులు ఉర్నెస్ శైలి యనియే పేరు పెట్టిరి. 1979లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించినది. నేడది యొక మూల కొండవాలున ఒంటరిగా కనబడును. కట్టిన వారికి అది మూల కాదు. ఓడలు తిరుగు నీటిబాట ప్రక్కనే వారు దానిని కట్టుకొనిరి.

నీటికి దూరమగుట క్షేమమని నమ్మిన వారి కథ యొకటి యోస్తెదాల్ లోయలో జనులు చెప్పుకొందురు. 1349లో మహామారి నార్వేకు వచ్చినప్పుడు కొన్ని కుటుంబములు ఆ లోయ పైభాగమునకు పోయి, తమతో ఎవరును కలియరాదని కట్టడి చేసికొనెనట; ఉత్తరములను సయితము ఒక రాతి క్రింద ఉంచి పోవలెనట. వ్యాధి అక్కడికిని వచ్చినది. చాలకాలమునకు లోపలికి పోయిన వారికి ఒక్క బాలిక మాత్రము కనిపించెనట. మనుష్యులను చూచి అడవిపక్షివలె బెదరి పారిపోయినదట. ఇది చరిత్రకారులు రుజువు చేసినది కాదు, జనశ్రుతి. అయినను దారి తెగిన చోట మనుష్యునికేమగునో ఆ సీమవారు దానిలో చెప్పుకొనిరి.

ఆ యోస్తెదాల్ లోయకే పదునెనిమిదవ శతాబ్దమున నిజమైన ఆపద వచ్చినది. ఆ లోయపైన యోస్తెదాల్ మహామంచు కలదు. ఐరోపా ప్రధానభూమిపై అదియే అన్నింటికంటె పెద్దది. నేటికిని దాని విస్తీర్ణము 450 చదరపు కిలోమీటర్లకు పైగా నుండును. ఆ శతాబ్దపు మొదటి సగమున చలి హెచ్చగా, దాని నాలుకలు లోయలలోనికి దిగసాగినవి. నీగార్డ్ అను రైతు భూములపైకి మంచు యేటికేడు ముందుకు వచ్చినది. గడ్డిబీళ్లు పోయినవి. తరువాత ఇల్లును పోయినది. రైతులు తమ పొలములపై పన్ను తగ్గింపుడని రాజోద్యోగులను వేడుకొనిరి. ఆ చర్చి గురువు మత్తియాస్ ఫోస్ ఈ నష్టములను వ్రాసిపెట్టెను. 1748 ప్రాంతమున మంచు తన చివరి హద్దునకు వచ్చి ఆగినది; ఆ హద్దున రాళ్లకుప్ప నేటికిని గట్టువలె నిలిచి యున్నది. పోయిన రైతుభూమి పేరే ఆ మంచునాలుకకు మిగిలినది. దానిని నేడు నీగార్డ్ మంచు అందురు. సాగునేలను ఇచ్చినది ఏ మంచో, తీసికొన్నదియు ఆ మంచే.

ఇంతలో నీటిబాట మాత్రము ఆగలేదు. దేశపు తూర్పు భాగమునుండి బెర్గెన్ రేవునకు పోవు రాచటపా కొండలు దాటి లేర్దాల్ చేరెడిది. అక్కడి రైతులు దానిని పడవలో ఎక్కించుకొని, నేరయ్ ఫియోర్డు అను సన్నని పాయగుండ తెడ్లువేసి గుద్వాంగెన్ చేర్చెడివారు. ఆ పాయ ఒకచోట 250 మీటర్ల వెడల్పు మాత్రమే. ఇరువైపుల కొండలు అంతకు ఎన్నో రెట్లు ఎత్తు. చలికాలమున లోపలి పాయలు గడ్డకట్టుటయు కలదు. లేర్దాల్ రేవున యేటేట సంత జరిగెడిది. కొండవారు పశువులను, తోళ్లను, వెన్నను తెచ్చెడివారు. తీరపువారు చేపలను, ఉప్పును తెచ్చెడివారు.

జానెడు నేల పెరుగదు, జనము పెరుగును. పందొమ్మిదవ శతాబ్దమున సోంగ్న సీమకు ఈ లెక్క కుదరలేదు. కొండపక్కల గద్దెల మీద సయితము కాపురములు వెలసినవి. ఔర్లాండ్ పాయ పైన అట్టి యొక భూమికి నిచ్చెన యనియే అర్థమిచ్చు పేరు కలదు. కొందరు అట్లు పైకి పోగా, మరికొందరు దూరదేశము చూచుకొనిరి. 1839లో వీక్ ఊరినుండి తొలి వలసదారులు అమెరికాకు బయలుదేరిరి. వారి వెనుక వేలమంది పోయిరి. విస్కాన్సిన్ మొదలగు సీమలలో సోంగ్న యాస వినిపించు పల్లెలు వెలసినవి. ఆవలి కొండవెనుక ఊరిని చూడని రైతు అట్లాంటిక్ మహాసముద్రమును దాటెను. వాని గుమ్మము ముందు నీరు కొండవెనుకకు పోదు, సముద్రమునకు పోవును.

1858లో ఆ జిల్లాకు ప్రభుత్వపు ఆవిరిపడవలు వచ్చినవి. వానితో టపా, సరకులు, వైద్యుడు, ఉపాధ్యాయుడు వచ్చిరి. తరువాత యాత్రికులు వచ్చిరి. జర్మనీ చక్రవర్తి రెండవ విల్హెల్మ్ వేసవి యాత్రలకు ఈ సీమను మిక్కిలి ఇష్టపడెను. 1913లో వాంగ్స్‌నెస్ గట్టున ఫ్రిత్యోఫ్ అను పూర్వవీరుని పెద్ద విగ్రహమును నిలిపించెను. మరుసటి యేడు జూలైలో ఆయన బాలెస్ట్రాండ్ దగ్గర నుండగా ఐరోపాలో యుద్ధమేఘములు కమ్మినవి. జూలై 25న ఆయన నౌక అక్కడినుండి తొందరగా కదలినది. కొలది దినములకే మొదటి ప్రపంచయుద్ధము ఆరంభమైనది. అదే 1913లో మరియొక అతిథి ఫియోర్డు చివరి కొసనున్న షోల్డెన్ గ్రామమునకు వచ్చెను. అతడు తత్త్వవేత్త లూద్విగ్ విట్‌గెన్‌స్టైన్. జనసమ్మర్దమునకు దూరముగా తర్కమును గూర్చి ఆలోచించుటకు అక్కడి చెరువుపైన రాతికొమ్మున చిన్న కొయ్యయిల్లు కట్టించుకొనెను. చక్రవర్తి కట్టించిన విగ్రహము ఎత్తైనది. తత్త్వవేత్త యిల్లు చిన్నది. లోకము ఎక్కువగా తలచుకొనునది రెండవదానినే. తరువాత ఊడదీసిన ఆ యింటిని 2019లో మరల యథాస్థానమున నిలిపిరి.

ఇరువదవ శతాబ్దమున దారి నీటిని విడిచి రాతిలోనికి దూరసాగినది. 1909లో రాజధానినుండి బెర్గెన్‌కు కొండలమీదుగా రైలుమార్గము పూర్తియైనది. దానిని ఫియోర్డుతో కలుపుటకు మీర్దాల్‌నుండి ఫ్లోమ్‌కు శాఖామార్గము వేసిరి. 20 కిలోమీటర్ల త్రోవలో ఆ బండి 860 మీటర్లు దిగవలెను. 20 సొరంగములలో 18 మనుష్యులు చేతితో తొలిచినవే. ఆ మార్గము నడుచుట 1940లో మొదలైనది. అప్పటికి దేశము జర్మనుల వశమైనది. 1941లో ఆక్రమణదారులు నార్వే జనుల రేడియో పెట్టెలను స్వాధీనము చేసికొనిరి. అయినను అనేకులు అటకలమీద, గడ్డిమేటులలో, నేలమాళిగలలో పెట్టెలు దాచి, లండన్‌నుండి వచ్చు తమ భాషా ప్రసారమును చెవియొగ్గి వినిరి. విన్నది కాగితములపై వ్రాసి పంచిరి. పట్టుబడినవారికి మరణశిక్షయు కలదు. ముంగిట్లో నిశ్చింతగా పెట్టె త్రిప్పు మన శ్రోతలు ఈ మాటను ఒక్క నిమిషము తలచుకొందురుగాక. నీటిబాటపై కాపలా పడినప్పుడు గాలిబాట మిగిలినది.

యుద్ధము ముగిసిన పిదప ఓర్దాల్ కొసన, జర్మనులు అసంపూర్ణముగా విడిచిన పనులను నార్వే ప్రభుత్వము చేతబట్టి, జలపాతముల విద్యుత్తుతో 1948లో అల్యూమినియము తీయసాగినది. రైతుబిడ్డలకు ఊరు విడువక జీతము దొరకినది. రోడ్లు పెరిగినవి, సొరంగములు పెరిగినవి. ఉన్‌ద్రెదాల్ అను చిన్న మేకల పల్లెకు 1988 వరకు పడవయే దారి. ఆ యేడు రోడ్డు వచ్చినది. 2000 సంవత్సరమున లేర్దాల్, ఔర్లాండ్‌ల నడుమ 24.5 కిలోమీటర్ల సొరంగము తెరచిరి. నాటికి లోకమున అంత పొడవైన రోడ్డు సొరంగము లేదు. అంతసేపు రాతిలో నడుపువారికి మనస్సు చెదరకుండ, నడుమ మూడుచోట్ల వెడల్పైన గుహలు తొలిచి నీలికాంతి దీపములు పెట్టిరి.

దీనివలన మేలు గొప్పది. ప్రసవమునకు, జబ్బునకు, చదువునకు ఇపుడు తుపాను తగ్గువరకు కాచుకొననక్కరలేదు. కాని దారి మారినప్పుడు దగ్గర దూరమగును, దూరము దగ్గరయగును. వేయేండ్లు ఎదురెదురుగా పలుకరించుకొన్న రెండు గట్లవారు ఇపుడు వేరువేరు రోడ్ల కొసలనున్న పరాయివారైరి. పడవ మాత్రమే పోగల ఒడ్లలో ఇండ్లకు తాళములు పడినవి. గద్దెలమీది పొలములలో బూర్జుచెట్లు మొలిచినవి. నేరయ్ ఫియోర్డును 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వముగా గ్రహించినది. ఆ గౌరవము వచ్చునాటికి దాని ఒడ్డున కాపురములు వ్రేళ్లమీద లెక్కింపదగినవి. అందమును చూడవచ్చువారు వేలు. ఆ అందములో మేక కట్టువారు కొందరు.

నీటిబాట కథ ముగిసినదని చెప్పుటకు మాత్రము మాకు మనసొప్పదు, అది నిజమును కాదు. ఫియోర్డు లోతు వంతెన కంబములకు అందదు. నేటికిని నడుమ భాగమున దానిపై వంతెన లేదు. మోటారుబండ్లు సయితము పడవనెక్కియే దాటవలెను. 2015లో లావిక్, ఒపెదాల్ రేవుల నడుమ ఆంపియర్ అను పడవ తిరుగనారంభించినది. బండ్లను మోయు పడవలలో కేవలము బ్యాటరీ విద్యుత్తుతో నడచినది లోకమున అదియే మొదటిది. పొగ లేదు, రొద లేదు. ఆ రేవునందు నిలిచినవానికి, తెడ్డు పడవల కాలమున వలెనే, నీరు గట్టును తాకు చప్పుడు మరల వినబడును.

పైన యోస్తెదాల్ మంచు వెనుకకు తగ్గుచున్నది. ఒకనాడు నీగార్డ్ రైతు ఇంటిని మింగిన నాలుక ఇపుడు కిలోమీటర్ల దూరము పోయినది. నాటి రైతు వారసులు దాని రాకను గూర్చి కాదు, పోకను గూర్చి దిగులుపడుచున్నారు. మంచు త్రవ్విన బాటను సముద్రము నింపినది. సముద్రము నింపిన బాటపై మనుష్యులు ధర్మమును, వైరమును, దేవాలయమును, వలసను నడిపిరి. పటములో అది కొండలనడుమ నీలిరంగు గీత మాత్రమే. ఇకమీదట వార్తలలో ఆ పేరు వచ్చినప్పుడు మేము దానిని సరిగా పలుకుదుము. శ్రోతలు దానిలో కొంచెము తెడ్ల చప్పుడు వినిన, మా శ్రమ ఫలించినట్లే.